పేరు లేని గొంతు

జుమా నమాజు ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటున్న సమయం. తిరుపతిలో ఒకప్పుడు మా దగ్గర ఖాయిదా చదువుకున్న కుర్రవాడొకడు ఫోను చేతబట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కుర్రవాడంటే ఇప్పుడతనికి ముప్పయ్యేళ్లు దాటాయి. వాళ్ల నాన్నగారు పోయి అప్పటికి నెలన్నా కాలేదు.

“హజ్రత్, అబ్బా నాకు పంపిన మాటలు ఇందులోనే ఉండాయి. ఆస్పత్రికి పోయే ముందు దువా చేసి పంపినారు. ఎక్కడుందో దొరకడం లేదు” అన్నాడు.

ఫోను తీసుకుని చూశాం. పాత ఫోను పాడైతే దుకాణంలో ఫైళ్లన్నీ కొత్త ఫోనులోకి మార్పించుకున్నాడట. ఫైళ్లు వచ్చాయి గానీ ఎవరు ఎవరితో మాట్లాడారన్న వరుస రాలేదు. నాలుగు వందలకు పైగా ఫైళ్లు. అన్నింటికీ ఒకే రకం పేరు. ముందు మూడు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత ఒక తేదీ, చివర ఒక అంకె. అందులో అత్తగారి మాటలున్నాయి, గ్యాసు బండి వాడి మాటలున్నాయి, ఎవరో పంపగా ఎవరో పంపిన బయానులున్నాయి. తండ్రి గొంతు కూడా వాటి మధ్యనే ఉంది. ఉండి కూడా లేనట్టే ఉంది.

ఆ రోజు మాకు అర్థమైన విషయం ఒక్కటే. గొంతును నిలబెట్టేది యంత్రం కాదు, పేరు. పేరు లేని గొంతు చేతిలో ఉన్నా పోయినట్టే. ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం. ఇది కంప్యూటరు తెలిసిన వాళ్ల విషయమని పేజీ తిప్పేయకండి. ఇది ప్రతి ఇంటి విషయం.

క్యాసెట్ల కాలం

మన జిల్లాలో ఇంటింటా క్యాసెట్లు ఉండిన కాలం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఫిలిప్స్ కంపెనీ 1963లో ఆ చిన్న క్యాసెట్‌ను లోకానికి పరిచయం చేసింది. ఇరవై ఏళ్లు తిరిగే లోపు అది మదనపల్లె, పీలేరు, పుంగనూరు, పలమనేరు దాకా వచ్చి మన ఇళ్లలో కూర్చుంది. గల్ఫుకు వెళ్లిన కొడుకు అక్కడి నుంచి టేప్ రికార్డరు తెచ్చేవాడు. ఆ తర్వాత ఉత్తరాలు రాయడం తగ్గి, క్యాసెట్లో మాట్లాడి పంపడం మొదలైంది. చదువు రాని తల్లికి అది వరమైంది. ఉత్తరం చదివించుకోవడానికి పక్కింటికి పోవలసిన పని లేదు, ఇంటి గుట్టు మరొకరి నోట వినవలసిన పని లేదు. దీపాలు పెట్టే వేళకు ఇల్లంతా చుట్టూ కూర్చుని వినేవారు. దాదీ ఒక వైపు, పిల్లలు ఒక వైపు మాట్లాడి, మళ్లీ అదే క్యాసెట్‌ను సెలవుపై వచ్చి తిరిగి వెళ్లే మనిషి చేతికిచ్చి పంపేవారు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులోకి ప్రవేశించింది. ఆ ఏడాది సుమారు 1,70,000 మంది భారతీయులను అక్కడి నుంచి స్వదేశానికి చేర్చారు. కడప, చిత్తూరు జిల్లాల ఇళ్లలో ఆ రోజుల్లో ఎందరు తల్లులు అన్నం ముట్టలేదో అల్లాహ్‌కే తెలుసు. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఆ కాలపు క్యాసెట్ ఇప్పటికీ ఉంది. “అమ్మీ, నేను బాగుండాను, భయపడొద్దు” అని కొడుకు చెబుతాడు. ఆ మాట ఆగస్టు 2కు ముందుదా, తర్వాతదా? ముందుదైతే అది మామూలు క్షేమ సమాచారం. తర్వాతదైతే అది చావు అంచున నిలబడి తల్లికి చెప్పిన ధైర్యం. చెప్పగలిగిన తల్లి లేదు, కొడుకూ లేడు. మనుమలు వింటున్నారు గానీ ఏం వింటున్నారో వాళ్లకు తెలియదు. క్యాసెట్ మీద తేదీ రాయడానికి అర నిమిషం పట్టేది.

మేము చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పే ముందు మా తప్పు ఒప్పుకోవడం న్యాయం. చదువుకునే రోజుల్లో మా ఉస్తాద్ చెప్పిన తజ్వీద్ పాఠాలను కొన్ని క్యాసెట్లలో రికార్డు చేసుకున్నాం. ఏ అక్షరం గొంతులో ఎక్కడి నుంచి పలకాలో ఆయన పలికి చూపించేవారు. అది పుస్తకంలో దొరికే విద్య కాదు. క్యాసెట్లు పాతబడుతున్నాయని వాటిని సీడీల్లోకి ఎక్కించాం. కొన్నేళ్లకు ఆ సీడీలను కంప్యూటరులోకి కాపీ చేయాలని కూర్చున్నాం. మొదటి సీడీలోని పాఠాలు ట్రాక్ 1, ట్రాక్ 2 అనే పేర్లతో వచ్చాయి. రెండవ సీడీ పెట్టాం. దానిలోవీ ట్రాక్ 1, ట్రాక్ 2 అనే వచ్చాయి. ‘ఈ పేరుతో ఇంతకు ముందే ఒక ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా’ అని కంప్యూటరు అడిగింది. మేము చదవకుండానే సరేనన్నాం. అలా ఆరు సీడీలూ పెట్టాం. చివరికి ఒక్క సీడీ పాఠాలే మిగిలాయి. తీరా అనుమానం వచ్చేనాటికి సీడీలు గీతలు పడి ఆడటం మానేశాయి. ఉస్తాద్ అప్పటికే ఈ లోకం విడిచి వెళ్లారు.

ఇందులో యంత్రం తప్పు లేదు. అది అడిగే చేసింది. పేరు పెట్టకపోవడం మా నిర్లక్ష్యం.

పెద్దలు చూపిన దారి

నిజానికి ఈ విషయంలో మనకు కొత్తగా నేర్పవలసినదేమీ లేదు. హదీసు విద్యార్థి మొదట నేర్చుకునేది సనద్. ఈ మాట ఎవరు చెప్పారు, ఆయన ఎవరి వద్ద విన్నారు, వారు ఎవరి వద్ద విన్నారు అనే గొలుసు. మాట ఎంత మంచిదైనా గొలుసు తెగితే దాని స్థాయి తగ్గుతుంది. చెప్పిన వారి పేర్లు, ఊర్లు, కాలాలు తెలుసుకోవడానికి పెద్దలు ‘అస్మాఉర్రిజాల్’ అనే ఒక శాస్త్రాన్నే నిర్మించారు. కాగితం కరువైన కాలంలో వాళ్లు పడిన శ్రమ అది. మనమో, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ఎవరిదో తెలియని బయానును వంద మందికి పంపుతున్నాం.

ఖురాన్ పారాయణ రికార్డులు చూడండి. ఈజిప్టుకు చెందిన ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గొంతులో సంపూర్ణ ఖురాన్ రికార్డు 1961లో వెలువడింది. ఆ తర్వాత ఎందరో ఖారీల పారాయణలు వచ్చాయి. ఇప్పుడు వాటిని ఆయతు ఆయతుగా విడగొట్టి ఫైళ్లుగా ఉంచేటప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి ఎంత సులువైనదో గమనించండి. పేరులో ఆరు అంకెలు మాత్రమే. మొదటి మూడూ సూరా సంఖ్య, తర్వాతి మూడూ ఆయతు సంఖ్య. ఆయతుల్ కుర్సీ ఫైలు పేరు 002255. అంటే రెండవ సూరా, 255వ ఆయతు. చివరి సూరా చివరి ఆయతు 114006. ప్రపంచంలో ఏ మూలన ఉన్నవాడైనా ఆ అంకె చూసి అది ఏమిటో చెప్పగలడు.

ముందు ఆ సున్నాలు ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. చాలా యంత్రాలు పేర్లను నిఘంటువులో మాదిరిగా మొదటి అక్షరం చూసి పేర్చుతాయి. సున్నాలు లేకపోతే 1 తర్వాత 10, ఆ తర్వాత 100, ఆ తర్వాత ఎప్పటికో 2 వస్తాయి. ఫాతిహా తర్వాత బఖరా రావలసింది యూనుస్ వస్తుంది. సున్నాలు పెడితే వరుస తప్పదు.

మన తిరుపతి వాళ్లకు ఇంకొక ఉదాహరణ కళ్ల ముందే ఉంది. పదిహేనో శతాబ్దపు అన్నమాచార్యుల కీర్తనలను ఆ వంశం వారు రాగిరేకుల మీద చెక్కించారు. కీర్తనకు రాగం పేరు కూడా చెక్కించారు. అందువల్లే ఏ కీర్తన ఏ రాగంలో పాడారో ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా తెలుస్తోంది. అయితే ఆయన పాడిన వరస రేకు మీదికి ఎక్కలేదు. చాలా కీర్తనల అసలు వరస ఏదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. వాళ్లకు పేరు మిగిలింది, గొంతు మిగలలేదు. మనకు గొంతును పట్టుకునే యంత్రం దొరికింది, పేరు రాయడానికి ఓపిక లేకపోయింది.

ఫైలు తయారీ

ఇక పనిలోకి వద్దాం. ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే మొదట దాని వెనుక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు మీట నొక్కినా అది కిందికి దిగదు, పాత గొంతు చెరిగిపోదు. తర్వాత టేప్ రికార్డరు హెడ్డును స్పిరిట్ తడిపిన దూదితో తుడిచి, ఆరనివ్వండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయి గనుక క్యాసెట్‌ను ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కు తిప్పండి. టేపు నలిగి ఉన్నా, తెల్లగా బూజు పట్టి ఉన్నా సొంత ప్రయోగాలు వద్దు. తెలిసిన వాళ్లకు చూపించండి.

టేప్ రికార్డరులో హెడ్‌ఫోను పెట్టే రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక తీగ కలిపితే చాలు. ఆడాసిటీ అనే ప్రోగ్రాము 2000 సంవత్సరం నుంచి ఉచితంగా దొరుకుతోంది, దానితో రికార్డు చేసుకోవచ్చు. గొంతు పెరిగినప్పుడు తెర మీద గుర్తు ఎర్రగా మారకుండా శబ్దం తగ్గించుకోండి. ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత బాగుచేయడం కష్టం. క్యాసెట్ ఎంతసేపు ఆడుతుందో రికార్డు కావడానికీ అంతసేపు పడుతుంది. అరవై నిమిషాల క్యాసెట్‌కు వైపుకు ముప్పై నిమిషాలు. తొందరపడే పని కాదిది. అసర్ తర్వాత ఒక వైపు, ఇషా తర్వాత ఒక వైపు పెట్టుకోండి.

రికార్డైన దాన్ని రెండు రకాలుగా ఉంచుకోవాలి. మొదటిది వేవ్ ఫైలు. అది అసలు ప్రతి. సీడీ నాణ్యతతో రెండు చానళ్లలో తీస్తే నిమిషానికి సుమారు 10 ఎం.బి. పడుతుంది. మాటలే గనుక ఒక చానల్ చాలు, సగానికి తగ్గుతుంది. దీన్ని కత్తిరించకుండా, శుభ్రం చేయకుండా ఉన్నదున్నట్టు దాచాలి. మధ్యలో కోడి కూసినా, పక్కన పిల్లవాడు ఏడ్చినా ఉండనివ్వండి. ఆ పిల్లవాడు మీరే కావచ్చు. రెండవది ఎంపీ త్రీ ఫైలు. ఇది పంపడానికి. మాటలకు 64 కిలోబిట్ల స్థాయి సరిపోతుంది. ముప్పై నిమిషాల వైపు సుమారు 14 ఎం.బి.లో ఇమిడిపోతుంది. కత్తిరింపులు, గరగర తగ్గించడాలు ఏమైనా ఉంటే ఈ ప్రతిలోనే చేయండి.

పేరు పెట్టే పద్ధతి

బిడ్డ పుట్టిన ఏడవ రోజుకు పేరు పెడతాం. ఫైలుకు అంత గడువు వద్దు. రికార్డైన ఆ పూటే పేరు పెట్టాలి. మరునాటికి వాయిదా వేస్తే మరిచిపోతాం. మేము అనుసరిస్తున్న వరుస ఇది: ముందు తేదీ, తర్వాత ఊరు, తర్వాత మాట్లాడిన వారు, తర్వాత విషయం, చివర భాగం. ఉదాహరణకు:

1994-03-11_మదనపల్లె_దాదీ_కువైటుకు-ఉత్తరం_వైపు-01

ఇక్కడ తెలుగులో చూపించాం గానీ ఫైలుకు పెట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. తెలుగు, ఉర్దూ మీద మాకు ప్రేమ లేక కాదు. పాత యంత్రాల్లో మన లిపి గడులుగానో ప్రశ్నార్థకాలుగానో కనిపిస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది గనుక మధ్యలో అంకెలు వస్తే కంటికి వరుస తారుమారవుతుంది. మాటల మధ్య ఖాళీ వదలకుండా చిన్న గీత పెట్టండి. ఏటవాలు గీత, ప్రశ్న గుర్తు, రెండు చుక్కల గుర్తు వాడకండి. కొన్ని కంప్యూటర్లు ఆ గుర్తులను ఒప్పుకోవు.

తేదీలో సంవత్సరం ముందుండాలి, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. అప్పుడు ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. పైగా 05-06 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికాలో ఉన్న మనుమడికి మే 6. సంవత్సరం ముందు పెడితే ఆ తికమక తగ్గుతుంది. హిజ్రీ తేదీ రాయాలనుకుంటే రాయండి, కానీ రిజిస్టరులో. ఎందుకంటే నెలవంక అక్కడొక రోజు, ఇక్కడొక రోజు కనిపిస్తుంది. 2024లో సౌదీలో రంజాన్ మార్చి 11న మొదలైతే మన దేశంలో 12న మొదలైంది. రియాద్‌లో రికార్డైన మాటకూ తిరుపతిలో రికార్డైన మాటకూ ఒకే హిజ్రీ తేదీ ఉన్నా అవి ఒకే రోజువి కాకపోవచ్చు.

తేదీ తెలియకపోతే? సంవత్సరంతో ఆపండి. సంవత్సరం కూడా తెలియకపోతే ‘తెలియదు’ అని రాయండి. ఊహించి రాయకండి. తెలియదని చెప్పడం అవమానం కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాస్తే తర్వాతి తరం దాన్నే నిజమనుకుంటుంది.

ఊరి పేరు రాయండి, జిల్లా పేరు అక్కర్లేదు. 1990లో తిరుపతి చిత్తూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది. జిల్లాలు మారాయి, ఊరు కదలలేదు.

మనుషుల పేర్లకు ఒకే స్పెల్లింగు నిర్ణయించుకోండి. ముహమ్మద్ అన్న పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తాం. వెతికేటప్పుడు నాలుగింట ఒకటే దొరుకుతుంది. ‘అబ్బా’, ‘నానీ’ అని మాత్రమే రాసినా చాలదు. మీకు అబ్బా అయినవారు మీ పిల్లలకు దాదా. కనుక రిజిస్టరులో అసలు పేరు, వావి రెండూ రాయండి.

రిజిస్టరు అన్నాం గదా, అది ఒక రూపాయి ఖర్చు లేని పని. పిల్లల పాత నోటుబుక్కు చాలు. ఫైలు పేరు, మాట్లాడినవారు, రికార్డు చేసినవారు, క్యాసెట్ ఎవరింట దొరికింది, ఎవరు ఏ రోజు కంప్యూటరులోకి ఎక్కించారు, ఎన్ని నిమిషాలుంది. ఇంతే. హదీసు విద్యార్థి దీన్ని చూస్తే ఇది సనదే గదా అంటాడు.

పంపేటప్పుడు

వాట్సాప్‌లో ఫైలును ఆడియోగా పంపితే అవతలి ఫోనులో మీరు పెట్టిన పేరు పోయి దాని సొంత పేరు చేరుతుంది. ఆ పేరులో కనిపించే తేదీ మనిషి మాట్లాడిన తేదీ కాదు, ఆ ఫోనుకు ఫైలు చేరిన తేదీ. పదేళ్ల నాటి బయానుకు నిన్నటి తేదీ ఉండటానికి కారణం ఇదే. అందువల్ల ఆడియోగా కాక ‘డాక్యుమెంట్’గా పంపండి. పేరు పేరుగానే చేరుతుంది. ఎంపీ త్రీ ఫైలు లోపల కూడా శీర్షిక, మనిషి పేరు, సంవత్సరం రాసే చోటు ఉంటుంది. 1996 నుంచి ఉన్న సౌకర్యమిది. అక్కడ కూడా రాసి పెడితే పై పేరు పోయినా లోపలి పేరు మిగులుతుంది.

పంపిన తర్వాత అవతలి వారిని మూడు విషయాలు అడగండి. ఎన్ని ఫైళ్లు చేరాయి, ఒక్కొక్కటీ ఎన్ని నిమిషాలుంది, మొదట, మధ్యలో, చివర వినిపిస్తోందా. ఈ మూడూ సరిపోయేదాకా మీ దగ్గరున్నది చెరపకండి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి వేరే ఊరిలోని బంధువుల దగ్గర, ఒక ప్రతి ఇంటర్నెట్టులో ఉంటే నిశ్చింత. కొత్త ప్రతి వచ్చింది గదా అని క్యాసెట్‌ను పారవేయకండి.

ఇది అమానత్

ఒక మాట మరువకూడదు. క్యాసెట్లో ఉన్నది ఒక కుటుంబం గుట్టు. కోడలి మీద అత్త చెప్పిన మాట ఉంటుంది, అప్పు సంగతి ఉంటుంది, భర్తతో భార్య చెప్పుకున్న దుఃఖం ఉంటుంది. అది ఒకరి చెవి కోసం చెప్పిన మాట. లోకానికి వినిపించే ముందు మాట్లాడిన వారి అనుమతి తీసుకోవాలి. వారు లేకపోతే వారి వారసుల అనుమతి తీసుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల పెడితే ప్రపంచమంతా వినగలదు. బయాను, పాఠం, పారాయణ అయితే మంచిదే. ఇంటి ఉత్తరం ఇంట్లోనే ఉండాలి.

అలాగే ఎవరిదో తెలియని బయాను మీకు వస్తే, అందులోని మాట నచ్చినంత మాత్రాన ఒక పెద్దాయన పేరు తగిలించి పంపకండి. ఆయన అనని మాట ఆయన మీద వేసినట్టవుతుంది. వార్త వచ్చినప్పుడు విచారించుకోవాలని సూరా హుజురాత్ మనకు బోధిస్తోంది. ఫోనులో వచ్చిందైనా వార్త వార్తే.

మొదట చెప్పిన కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాం. మగ్రిబ్ తర్వాత అతనూ మేమూ కూర్చుని ఒక్కొక్కటీ విన్నాం. మొదటి రోజు దొరకలేదు, రెండో రోజూ దొరకలేదు. నాలుగో రోజు సాయంత్రం, గ్యాసు బండి వాడి మాటల తర్వాత, దగ్గుతో మొదలైన ఒక గొంతు వినిపించింది. నలభై ఒక్క సెకన్లు. కొడుకు పేరు పిలిచి, తల్లిని బాగా చూసుకోమని, చివర దువా. అతను ఫోను నుదుటికి ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాడు.

తర్వాత తల ఎత్తి, “హజ్రత్, దీనికేం పేరు పెట్టమంటారు?” అన్నాడు.

“తేదీ రాయి నాయనా. ఊరు రాయి. మీ అబ్బా పూర్తి పేరు రాయి. నీ కొడుకు చదివేటట్టు రాయి” అన్నాం.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి మీ ఫోను తీసి ఒక్క ఫైలు వెతకండి. మీ అమ్మీదో, అబ్బాదో, ఉస్తాద్‌దో. దానికి పేరు పెట్టి పడుకోండి. వారు ఉన్నారా, మరీ మంచిది. ఏ సంవత్సరం, ఏ ఊరు అని వారినే అడిగి రాసుకోండి.